రోటిలో పుట్టే ఘాటు: తిండిలోని మొక్క రసాయనాలు క్యాన్సర్‌ను ఎంతవరకు అడ్డుకోగలవు

ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్ళలో పనసపొట్టు కూరకైనా అరటికాయ కూరకైనా ఆవ పెట్టేటప్పుడు పాటించే క్రమం ఒకటుంది. ఆవాలను కాసేపు నానబెట్టి, ఎండుమిరపకాయా ఉప్పూ చేర్చి, చన్నీళ్ళు చిలకరిస్తూ మెత్తగా నూరి, కూరను పొయ్యి మీద నుంచి దించి వేడి తగ్గాక మాత్రమే ఆ ముద్దను కలుపుతారు. మంట మీద ఉండగా కలిపితే ఘాటు చస్తుందని పెద్దవాళ్ళు హెచ్చరిస్తారు. అవే ఆవాలను పోపులో వేస్తే చిటపటలాడి కమ్మని వాసన వస్తుంది తప్ప ముక్కుపుటాలు అదరవు. పొరుగింటి ఒడియా వంట అయిన బెసరలో ఆవముద్ద కూరతోపాటే ఉడుకుతుంది కనుక అక్కడ ఘాటు మెత్తబడి, రుచి వేరే దారి పడుతుంది. ఒకే గింజ మూడు వంటల్లో మూడు రకాలుగా ప్రవర్తించడానికి కారణమేమిటో తెలిస్తే, క్యాన్సర్ నివారణ పరిశోధనలో మొక్క రసాయనాలకు అంత చోటు ఎందుకు దక్కిందో, ఆ చోటుకు హద్దు ఎక్కడో కూడా చాలావరకు తెలుస్తుంది.

ఎండు ఆవగింజలో ఘాటు అనేదే ఉండదు. సినిగ్రిన్ అనే గంధకపు పదార్థం ఒక చోట, దానిని విడగొట్టే మైరోసినేజ్ అనే ఎంజైము మరో చోట విడివిడిగా దాగి ఉంటాయి. గింజ నలిగి నీరు తగిలినప్పుడే ఆ రెండూ కలుస్తాయి. అప్పుడు పుట్టేదే ముక్కుకెక్కే అల్లైల్ ఐసోథయోసయనేట్. పురుగు కొరికిన క్షణంలో దాని నోరు మండించడానికి మొక్క ఏర్పాటు చేసుకున్న కాపలా ఇది. పోపులో మరిగే నూనె ఆ ఎంజైమును ముందే చంపేస్తుంది కాబట్టి పదార్థం ఉన్నా దానిని విడగొట్టేది ఉండదు. నూరిన ముద్ద వేడి కూరలో పడితే, అప్పటికే పుట్టిన ఘాటు ఆవిరితోపాటు లేచిపోతుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవకూర, బ్రోకలీ అన్నీ ఈ కుటుంబంలోవే, అన్నింటిలోనూ ఇదే జాతి పదార్థాలు ఉంటాయి. ఒడిశాలో సజనా శాగ అని ఇష్టంగా వండుకునే మునగాకు కూడా వృక్షశాస్త్రం ప్రకారం వీటికి దూరపు చుట్టమే. దానిలోనూ ఇటువంటి ఐసోథయోసయనేట్ పుడుతుంది. వెల్లుల్లి కుటుంబం వేరైనా పద్ధతి మాత్రం ఇదే. రెబ్బ నలిగితేనే అల్లిసిన్ పుడుతుంది. నలగ్గొట్టి ఓ పది నిమిషాలు పక్కన పెట్టి ఆ తరువాత వండితే అందులోని మంచి కొంత మిగులుతుందనీ, తరిగిన వెంటనే వేడిలో వేస్తే చాలామటుకు పోతుందనీ ప్రయోగశాలల్లో తేలింది.

ఈ ఘాటు పదార్థాలు ఒంట్లో చేసే పని కూడా కాపలాకు సంబంధించినదే. పొగ, బూజు, కలుషితమైన గాలి ద్వారా లోపలికి వచ్చే హానికర రసాయనాలను కాలేయం రెండు అంచెలలో వదిలించుకుంటుంది. మొదటి అంచెలో వాటిని చురుకైన రూపంలోకి మారుస్తుంది, రెండో అంచెలో వాటికి గ్లూటథయోన్ వంటి పదార్థాన్ని తగిలించి మూత్రంలోకి తోసేస్తుంది. ప్రమాదం ఈ రెండింటి మధ్య సందులో ఉంటుంది. మొదటి అంచెలో చురుకెక్కిన రసాయనం రెండో అంచె అందుకునేలోపు డీఎన్‌ఏకు అంటుకుంటే అక్కడ మచ్చ పడుతుంది. ఆ మచ్చను కణం సరిదిద్దుకోలేకపోతే ఏళ్ళు గడిచాక అది క్యాన్సర్‌కు మొదలు కావచ్చు. ఐసోథయోసయనేట్లు రెండో అంచె ఎంజైములను ఎక్కువగా తయారు చేయమని కణానికి సంకేతం ఇస్తాయి. నిజానికి కణం వీటిని కూడా స్వల్పమైన విషంగానే గుర్తిస్తుంది, ఆ చిన్న బెదిరింపుకే తన రక్షణ అంతా సిద్ధం చేసుకుంటుంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పాల్ తలలే బృందం 1992లో బ్రోకలీ నుంచి సల్ఫొరఫేన్ అనే ఐసోథయోసయనేట్‌ను వేరు చేసి ఈ గుణాన్ని చూపించింది. అంతకు పదహారేళ్ళ ముందే, 1976లో, మైకేల్ స్పోర్న్ అనే శాస్త్రవేత్త క్యాన్సర్ పుట్టకముందే రసాయనాలతో దానిని నిలువరించే ప్రయత్నానికి కీమోప్రివెన్షన్ అని పేరు పెట్టి ఉన్నాడు.

ఆవకూ ఉడికిన కూరకూ ఉన్న సంబంధాన్ని కొలిచి చూసిన ప్రయోగం కూడా ఉంది. ఉడికించిన బ్రోకలీలో దాని సొంత ఎంజైము చచ్చిపోతుంది కాబట్టి సల్ఫొరఫేన్ సరిగా పుట్టదు. 2018లో బ్రిటన్‌లో ఒక బృందం 12 మంది ఆరోగ్యవంతులకు 200 గ్రాముల ఉడికిన బ్రోకలీని ఒకసారి ఉత్తగానూ, మరోసారి ఒక గ్రాము ఆవపొడి చల్లీ పెట్టి, తరువాత వారి మూత్రాన్ని పరీక్షించింది. ఆవపొడి కలిపి తిన్నప్పుడు సల్ఫొరఫేన్ ఆనవాళ్ళు నాలుగు రెట్లకు పైగా కనిపించాయి. పచ్చి ఆవపొడిలోని ఎంజైము, ఉడికిన కూరలో పని లేకుండా మిగిలిపోయిన పదార్థాన్ని విడగొట్టిందన్నమాట. కూర దించాక ఆవ పెట్టమని చెప్పిన ముత్తవ్వకు మైరోసినేజ్ సంగతి తెలియకపోవచ్చు. ఆమె కాపాడింది రుచినే. అయినా ఉడికిన క్యాబేజీ కూరలో నూరిన ఆవ కలపడం వెనుక ఉన్న రసాయన తర్కం ఆ ప్రయోగంలోనిదే.

ఇక్కడ ఒక మెట్టు ఆగి చూడాలి. మూత్రంలో ఆనవాళ్ళు పెరగడం ఒక సంగతి, క్యాన్సర్ రాకపోవడం మరో సంగతి. చైనాలోని చీదోంగ్ ప్రాంతంలో 2014లో వెలువడిన ప్రయోగంలో 291 మందికి పన్నెండు వారాల పాటు బ్రోకలీ మొలకల పానీయం ఇచ్చారు. గాలి కాలుష్యం ద్వారా ఒంట్లోకి చేరే హానికర రసాయనాలైన బెంజీన్ విసర్జన 61 శాతం, అక్రోలిన్ విసర్జన 23 శాతం పెరిగాయి. ఇవి మంచి ఫలితాలే, పైగా మనుషులలో కొలిచినవి. కానీ ఆ 291 మందిలో ఎవరికి క్యాన్సర్ తప్పిందో చెప్పడం ఆ ప్రయోగం పని కాదు. అది చెప్పాలంటే వేలమందిని పదేళ్ళో ఇరవయ్యేళ్ళో గమనించాలి. పత్రికల శీర్షికల్లో ఈ తేడా చాలాసార్లు మాయమైపోతుంది.

అదే చీదోంగ్‌లో అంతకుముందు జరిగిన మరో ప్రయత్నం ఈ సరిహద్దు జిల్లాల వారికి ఇంకా దగ్గరి విషయం. వానల్లో తడిసి, సరిగా ఎండని వేరుశనగలోనూ మొక్కజొన్నలోనూ పెరిగే ఒక జాతి బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది, అది కాలేయ క్యాన్సర్ కారకమని రూఢి అయింది. ఆకుల పచ్చదనానికి మూలమైన పత్రహరితం నుంచి తయారయ్యే క్లోరోఫిలిన్‌ను 180 మంది పాల్గొన్న ఆ ప్రయోగంలో భోజనానికి ముందు రోజుకు మూడుసార్లు నాలుగు నెలల పాటు ఇచ్చినప్పుడు, అఫ్లటాక్సిన్ డీఎన్‌ఏకు చేసిన నష్టపు ఆనవాళ్ళు 55 శాతం తగ్గాయి. పత్రహరితం ఆ విషాన్ని పేగులోనే పట్టుకుని రక్తంలోకి వెళ్ళనివ్వదని వివరణ. అలాగని బూజు పట్టిన పల్లీలు తిని పైన తోటకూర తింటే సరిపోతుందని అర్థం తీయకూడదు. గజపతి, రాయగడ జిల్లాల్లో వానాకాలం చివర వేరుశనగ కోసే రైతు కాయను నేల మీద కుప్పగా పోయకుండా పలచగా ఆరబెట్టడం, నల్లబడిన గింజను ఏరి పారేయడం ఏ పత్రహరితం కన్నా ముందు చేయవలసిన పని.

పసుపు విషయానికి వస్తే నమ్మకానికీ రుజువుకూ మధ్య దూరం ఇంకా పెద్దది. గంజాం జిల్లాకు ఆనుకుని ఉన్న కంధమాల్ కొండల పసుపుకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అక్కడి కొమ్ములు ఈ ప్రాంతపు వంటింట్లో కొత్త కాదు. పసుపులో రంగుకూ గుణానికీ మూలమైన కర్క్యుమిన్ సుమారు మూడు శాతం ఉంటుంది. పసుపు మీద మనుషులలో జరిగిన తొలి ప్రయోగాల్లో ఒకటి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసింది. 1992లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, ఏళ్ళ తరబడి పొగ తాగుతున్న 16 మందికి రోజుకు 1.5 గ్రాముల పసుపు నెల రోజుల పాటు ఇస్తే, వారి మూత్రంలో జన్యువులను దెబ్బతీసే పదార్థాలు గణనీయంగా తగ్గాయి. ఒకటిన్నర గ్రాము అంటే ఇంచుమించు అర చెంచా, అంటే వంటింటికి అందుబాటులో ఉండే మోతాదే. అందుకే ఆ చిన్న ప్రయోగానికి ఇప్పటికీ విలువ ఉంది.

ఆ తరువాతి దశాబ్దాల్లో పసుపు వంటింట్లో నుంచి మాత్రలోకి వెళ్ళింది, చిక్కులూ అక్కడే మొదలయ్యాయి. కర్క్యుమిన్ పేగు నుంచి రక్తంలోకి సరిగా చేరదు. చేరిన కాస్తా కాలేయం వెంటనే మార్చేస్తుంది. 2001లో తైవాన్ వైద్యులు రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్ దాకా ఇచ్చి చూసినా రక్తంలో కనిపించింది అతి స్వల్పం. మిరియాలలోని పైపెరిన్ 20 మిల్లీగ్రాములు జోడిస్తే ఆ చేరిక ఇరవై రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు శాస్త్రవేత్తలు చూపించారు. మిరియాలు వేసిన పసుపు పాలకు శాస్త్రం తోడు వచ్చిందని ఆ మాట బాగా వ్యాపించింది. అయితే పైపెరిన్ ఆ పని చేసేది కాలేయం పదార్థాలను వదిలించుకునే అంచెను మందగింపజేసి. ఆ మందగింపు పసుపుతో ఆగదు, అదే సమయంలో వేసుకునే మందుల మీద కూడా పడుతుంది. ఆవ ఏ అంచెను హుషారు చేస్తుందో మిరియం ఆ అంచెలోని కొన్ని ఎంజైములకే కళ్ళెం వేస్తుందన్నది గమనించదగ్గ విషయం.

రక్తంలోకి చేరకపోయినా పేగు గోడకు నేరుగా తగులుతుంది కదా అన్న ఆలోచనతో పెద్దపేగు మీద జరిగిన ప్రయోగాలు రెండు రకాలుగా తేలాయి. 2011లో అమెరికాలో పొగతాగేవారికి రోజుకు 4 గ్రాముల కర్క్యుమిన్ నెల రోజులు ఇస్తే, పెద్దపేగు లోపల కనిపించే తొలి దశ అసహజ గుర్తులు 40 శాతం తగ్గాయి; 2 గ్రాములు ఇచ్చినవారిలో తేడా లేదు. వంశపారంపర్యంగా పేగులో వందల కొద్దీ పిలకలు పుట్టే జబ్బు ఉన్న 44 మందికి రోజుకు 3 గ్రాముల చొప్పున ఏడాది పాటు ఇచ్చి చూసిన 2018 నాటి ప్రయోగంలో, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికీ వీరికీ పిలకల లెక్కలో తేడా కనిపించలేదు. మొదటి ఫలితం మాత్రల సీసాల ప్రచారానికి ఎక్కినంతగా రెండోది ఎక్కదు. రక్తంలోకి బాగా చేరేలా తయారు చేసిన గాఢమైన కర్క్యుమిన్ మాత్రలతో కాలేయం వాచిన కేసులు ఇటలీలోనూ అమెరికాలోనూ నమోదయ్యాయి. కూరలో చిటికెడు పసుపుకు అలాంటి చరిత్ర లేదు. దానికున్న ప్రమాదం మరొకటి, రంగు కోసం కలిపే లెడ్ క్రోమేట్. కొమ్ములు కొని మర ఆడించుకునే పాత అలవాటు ఈ ఒక్క కారణానికైనా నిలబెట్టుకోదగ్గది.

ఉత్తరాంధ్ర నుంచి ఒడిశా దక్షిణ జిల్లాల దాకా పరుచుకున్న ఒక అలవాటు దగ్గర ఈ చర్చ మొత్తం పరీక్షకు నిలుస్తుంది. చుట్ట వెలిగించి, వెలిగిన కొనను నోటి లోపల పెట్టుకుని, పెదవులు మూసి పీల్చే అడ్డపొగను ఇక్కడి పల్లెల్లో ముసలివాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఎక్కువగా తాగేవారు. గాలికి ఆరిపోకుండా, చేతులకు అడ్డం రాకుండా పనిచేసుకోవచ్చన్నది చెప్పే కారణం. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. 1971లో ప్రచురితమైన అధ్యయనంలో శ్రీకాకుళం జిల్లా గ్రామాల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించినప్పుడు నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవారే కనిపించారు. క్యాన్సర్‌కు ముందు దశ అనదగిన తెల్లని మందపాటి మచ్చలు, మధ్యమధ్య ఎర్రని చుక్కలు వారి అంగిళ్ళ మీద ఉండేవి. లోకంలో మరెక్కడో నాలుక పక్కనో దవడ లోపలో వచ్చే క్యాన్సర్ ఇక్కడ అంగిలికి రావడానికి కారణం ఈ చుట్టే.

అటువంటి మచ్చలున్న అడ్డపొగ తాగరుల మీద జాతీయ పోషకాహార సంస్థ 1990లలో ఒక ప్రయత్నం చేసింది. విటమిన్ ఏ, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియం కలిపి ఏడాది పాటు ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారి కన్నా వీరిలో మచ్చలు తగ్గడం చాలా ఎక్కువగా కనిపించింది. తిరువనంతపురంలోని ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం నోటిలో తెల్ల మచ్చలున్నవారికి ఏడాది పాటు విటమిన్ ఏ గానీ, బీటా కెరోటిన్ గానీ ఇచ్చి 1997లో వెల్లడించిన లెక్కలు ఇంకా స్పష్టం. మచ్చలు పూర్తిగా పోయినవారు విటమిన్ ఏ పుచ్చుకున్నవారిలో 52 శాతం, బీటా కెరోటిన్ పుచ్చుకున్నవారిలో 33 శాతం, ఉత్తుత్తి మాత్ర పుచ్చుకున్నవారిలో 10 శాతం. బీటా కెరోటిన్ అంటే గుమ్మడి, బొప్పాయి, క్యారెట్, మునగాకు, తోటకూరల్లో ఉండే పదార్థమే. ఒంట్లో అది విటమిన్ ఏగా మారుతుంది. ఇంతవరకు కథ ఆశాజనకంగానే ఉంది. మందు ఆపిన తరువాత, మచ్చలు పోయినవారిలో సగమో అంతకన్నా ఎక్కువో మందికి అవి తిరిగి వచ్చాయి.

అదే కాలంలో ఇదే బీటా కెరోటిన్ వేరే దేశాల్లో మరో ముఖం చూపించింది. ఫిన్లాండ్‌లో 1985లో మొదలైన ప్రయోగంలో 50 నుంచి 69 ఏళ్ళ మధ్య వయసున్న 29,133 మంది పొగతాగే మగవారు పాల్గొన్నారు. రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గాల్సింది పోయి 18 శాతం పెరిగిందని 1994లో ఫలితం వచ్చింది. అమెరికాలో పొగతాగేవారూ ఆస్బెస్టాస్ ధూళి తగిలే పనులు చేసిన కార్మికులూ కలిసి 18,314 మంది పాల్గొన్న మరో ప్రయోగంలో బీటా కెరోటిన్‌తోపాటు విటమిన్ ఏ కూడా ఇచ్చారు. అక్కడ పెరుగుదల 28 శాతం. దాంతో ఆ ప్రయోగాన్ని గడువుకు 21 నెలల ముందే, 1996 జనవరిలో నిలిపివేశారు. 20 మిల్లీగ్రాములు ఇంచుమించు పావుకిలో క్యారెట్లలో ఉంటుంది, అంటే మరీ పెద్ద మోతాదు కాదు. కానీ క్యారెట్ నుంచి దానిలో కొంతే రక్తంలోకి చేరుతుంది, మాత్ర నుంచి చాలా ఎక్కువ చేరుతుంది. పొగతో నిండిన ఊపిరితిత్తుల్లో ఆ అధిక మోతాదు విరిగి, రక్షించే పని మాని రెచ్చగొట్టే పని చేస్తుందన్నది శాస్త్రవేత్తలు ఇచ్చిన వివరణ.

కూరగాయలు, పళ్ళు ఎక్కువగా తినేవారి రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా ఉందనీ, వారికి క్యాన్సర్ తక్కువగా వస్తోందనీ అంతకుముందు ఎన్నో అధ్యయనాలు చూపించాయి. ఆ రెంటినీ కలిపి, మేలు చేస్తున్నది ఆ ఒక్క పదార్థమే అనుకోవడంలో పొరపాటు జరిగింది. ఒక్క గుమ్మడి ముక్కలో బీటా కెరోటిన్‌తోపాటు పీచు, పొటాషియం, మరెన్నో కెరోటినాయిడ్లు ఉంటాయి. దానిని ఇష్టంగా తినే మనిషి బహుశా చుట్ట తక్కువ తాగే మనిషి, సారా తక్కువ ముట్టే మనిషి కూడా. ఆ మనిషి జీవితం మొత్తాన్ని ఒక బిళ్ళలోకి కుదించడం సాధ్యపడలేదు. మొక్క రసాయనాల మీద ఆ తరువాత వచ్చిన ప్రతి మాత్రనూ ఈ రెండు ప్రయోగాల వెలుగులో చూడడమే న్యాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలూ పళ్ళూ తినమని చెబుతుంది గానీ, వాటి బదులు ఫలానా మాత్ర అని చెప్పదు.

మొక్క నుంచి వచ్చింది కాబట్టి మంచిదే అన్న వాదం ఈ జిల్లాల్లో అసలే నిలబడదు. పొగాకు ఒక మొక్క. దానిలోని నికోటిన్ వంటి పదార్థాలే ఆకు ముదిరి ఆరే క్రమంలో నైట్రోసమీన్లుగా మారి క్యాన్సర్ తెస్తాయి. ఒడిశాలో పెద్దల్లో 45.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్లు 2016-17 నాటి జాతీయ సర్వేలో తేలింది, అందులో పొగ కన్నా నమలడం, చిగుళ్ళకు రాయడం చాలా ఎక్కువ. పొద్దున్నే పొగాకూ బెల్లపు పాకమూ కలిపి చేసిన గుడాఖుతో పళ్ళు తోముకోవడం, పనిలో ఖైనీ దవడన పెట్టుకోవడం ఇంటింటి అలవాట్లు. తమలపాకులో యూజినాల్, హైడ్రాక్సీచవికాల్ వంటి రక్షక గుణమున్న పదార్థాలు ఉన్న మాట నిజమే. కానీ దానిలో చుట్టే వక్క సంగతి వేరు. పొగాకు కలపకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. అందులోని అరెకోలిన్ దవడ లోపలి పొరను క్రమంగా గట్టిపరుస్తుంది, చివరకు అన్నం ముద్ద పట్టేంత కూడా నోరు తెరుచుకోదు. పాముకాటుకు పల్లెల్లో వాడే ఈశ్వరి తీగలోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలకూ మూత్రనాళానికీ క్యాన్సర్ తెస్తుంది. ఆకు పసరు ఏదైనా మేలే అనుకునేవారు ఈ ఒక్క తీగ గురించి తెలుసుకుంటే చాలు.

పానీయాలలో కాఫీకి ఇటీవల పేరు బాగుపడింది. మూత్రాశయ క్యాన్సర్ తెస్తుందేమోనన్న పాత అనుమానాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో తొలగించింది. కాఫీ తాగేవారిలో కాలేయ క్యాన్సర్, గర్భాశయపు లోపలి పొర క్యాన్సర్ తక్కువగా కనిపిస్తున్నాయని కూడా అప్పుడే నమోదు చేసింది. కొరాపుట్ కొండల మీద పండే కాఫీకి ఇది ప్రచారానికి పనికొచ్చే మాటే గానీ, జిల్లాలో ఎక్కువమంది తాగేది టీ. టీ ఆకులో ఉండే కాటెకిన్లు గ్రీన్ టీలో అలాగే మిగులుతాయి, మన నల్ల టీ పొడిలో అవి థియాఫ్లేవిన్లుగా మారతాయి. రెండింటిలోనూ ప్రయోగశాలలో మంచి గుణాలు కనిపించాయి, మనుషులలో ఫలితాలు తడబడుతూనే ఉన్నాయి. గ్రీన్ టీ సారాన్ని మాత్రలుగా చేసి రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆ పైన ఈజీసీజీ (గ్రీన్ టీ కాటెకిన్లలో ముఖ్యమైనది) తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరుగుతాయని యూరోపు ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది.

టీ గ్లాసులో పదార్థం కన్నా వేడి ముఖ్యం. 65 డిగ్రీలు దాటిన ఏ పానీయమైనా అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లోనే తేల్చింది. ఇరాన్‌లోని గొలిస్తాన్ ప్రాంతంలో 50,045 మందిని ఏళ్ళ తరబడి గమనించినప్పుడు, 60 డిగ్రీలు, ఆ పైన వేడి ఉన్న టీని రోజుకు 700 మిల్లీలీటర్లకు మించి తాగినవారికి, చల్లార్చి తక్కువగా తాగినవారి కన్నా అన్నవాహిక క్యాన్సర్ ముప్పు 90 శాతం ఎక్కువగా కనిపించింది. బరంపురం బస్టాండు దగ్గర బస్సు కదిలిపోతుందన్న తొందరలో పొంగుతున్న టీని ఊదుకుంటూ రెండు గుక్కల్లో ముగించేవారు దానిలోని థియాఫ్లేవిన్ల లాభం లెక్కపెట్టుకోవడం అనవసరం. ఇక ఇప్పసారా, జీలుగు కల్లు చెట్టు నుంచి వచ్చినవే అయినా, వాటిలోని ఆల్కహాలు నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, రొమ్ము, పెద్దపేగు క్యాన్సర్లకు కారణమని రుజువైనదే. చుట్టా సారా రెండూ ఉన్న నోటికి ముప్పు రెండింటినీ కూడితే వచ్చేదాని కన్నా ఎక్కువ.

చోడి (రాగి) అంబలి గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉన్నా గట్టిది. ఒడియాలో మండియా అని పిలిచే చోడి గింజ పైపొట్టులో పాలీఫినాల్స్ ఉంటాయి గానీ, ఇక్కడ అసలు బలం పీచుది, పొట్టు తీయని గింజది. పొట్టు తీయని ధాన్యం రోజుకు 90 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 17 శాతం తగ్గుతుందని ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి 2018 నివేదిక లెక్కగట్టింది. ఈ రంగంలో ఇంత నిలకడగా నిలిచిన లెక్కలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల పథకం మొదలుపెట్టేనాటికి అంబలి చాలా ఇళ్ళలో పేదల తిండిగా పక్కకు జరిగిపోయి ఉంది.

మొక్క రసాయనాలన్నింటి మేలూ ఒక తట్టలో, పొగాకు మానడం ఒక తట్టలో వేసి తూచినట్లుగా పనికొచ్చే అధ్యయనం ఒకటి ఈ నేల మీదనే జరిగింది. కేరళలోని ఎర్నాకులం, గుజరాత్‌లోని భావనగర్, ఇక్కడి శ్రీకాకుళం, ఈ మూడు జిల్లాల్లోనూ కలిపి సుమారు 36,000 మంది పొగాకు వాడేవారిని ఎంచుకుని, మాటలతో, బొమ్మలతో, ఊళ్ళో సినిమాలు వేసి, నోరు పరీక్షిస్తూ మానమని నచ్చజెప్పారు. మానినవారిలో, తగ్గించినవారిలో తెల్ల మచ్చలు కొత్తగా పుట్టడం తగ్గిందని 1986లో ఫలితాలు ప్రచురితమయ్యాయి. అక్కడ ఏ మాత్రా ఇవ్వలేదు. విటమిన్లతో పోయిన మచ్చలు మందు ఆపగానే మళ్ళీ ఎందుకు వచ్చాయో దీనితో పోల్చి చూస్తే తెలుస్తుంది. కాలే చుట్ట నోట్లో ఉండగా అంగిలికి ఎంత రక్షణ అరువు తెచ్చినా అది ఆ రోజుకు సరిపోతుంది అంతే.

జబ్బు వచ్చి చికిత్స సాగుతున్నవారి విషయంలో లెక్క మళ్ళీ మారుతుంది. నివారణకు పనికొస్తుందేమో అనుకున్న పదార్థం చికిత్సకు అడ్డు రావచ్చు. ఎముక మజ్జ క్యాన్సర్‌కు ఇచ్చే బోర్టెజోమిబ్ అనే మందును గ్రీన్ టీలోని ఈజీసీజీ నేరుగా పట్టుకుని పనిచేయనివ్వదని 2009లో కణాల మీద, ఎలుకల మీద జరిగిన ప్రయోగాలు చూపించాయి. క్యాన్సర్ కణం కూడా కణమే కనుక, రెండో అంచె ఎంజైములను హుషారు చేసే పదార్థం దానికి కూడా కవచం కాగలదన్న అనుమానం శాస్త్రవేత్తలకు ఉంది. ఇంట్లో వండే పసుపు కూర, మునగాకు పప్పు, ఆవ పెట్టిన అరటికాయ మానవలసిన పని లేదు. నోరు పుండైనప్పుడు ఆ ఘాటు భరించలేకపోవడం వేరే సంగతి. అయితే విశాఖపట్నంలోనో కటక్‌లోనో కీమో చేయించుకుంటూ, బంధువులు తెచ్చి ఇచ్చిన మిరియపు సారం కలిపిన పసుపు మాత్రలూ గ్రీన్ టీ మాత్రలూ పక్కన వాడుతున్నవారు, తరువాతి విడతకు బయలుదేరేటప్పుడు ఆ సీసాలను కూడా రిపోర్టుల సంచిలో వేసుకుని వెళ్ళి డాక్టరు ముందు పెట్టాలి.